గ్రూపు సభ్యత్వము: లినక్సు కంప్యూటర్లు డైరెక్టరీలో చేరినపుడు కలుగు చిక్కులు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని పూర్వపు వరంగల్లు జిల్లా పలుభాగములుగ విభజింపబడినది. జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి యనునవి ఆనాటనే జిల్లాలైనవి. ఊళ్లు కదలలేదు, ఇండ్లు కదలలేదు, చెఱువులు ఉన్నచోటనే యున్నవి. అయినను ఆ యిండ్లలోనివారు ఏ జిల్లాకు చెందినవారను ప్రశ్నకు ప్రత్యుత్తరము మాత్రము మాఱిపోయినది. పాత మోటారు బండ్ల పలకలమీద ఏ.పి. 36 అను వరంగల్లు గుఱుతు ఆ తరువాతను నిలిచియే యున్నది. వాజేడు మండలము సంగతి మఱియు చిత్రమైనది. అది 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనిది. అటుపిమ్మట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. 2019 ఫిబ్రవరి 17వ తేదీనుండి ములుగు జిల్లాలోనిది. ఆ మండలమువాడొకడు ఏ జిల్లావాడని నాలుగు రిజిస్టరులను విప్పి చూచినయెడల, ఏ రిజిస్టరు ఎప్పుడు దిద్దబడెనో దానినిబట్టి మూడు వేర్వేఱు ప్రత్యుత్తరములు దొరకుటకు అవకాశము కలదు. ఆ మనుష్యుడు అబద్ధమాడలేదు. రిజిస్టరు వ్రాసినవాడును అబద్ధమాడలేదు.

విద్యార్థులారా, కంప్యూటరు గదులలో తఱచుగ కనబడు ఒక చిక్కు సరిగా ఇట్టిదే. ఈ సంవత్సరము దానినిగూర్చి కొంత విపులముగ వ్రాయదలచితిని. తొమ్మిదవ, పదవ తరగతులలో యంత్రముల సంరక్షణమున తోడ్పడు పిల్లలకు ఇది నేరుగ ఉపయోగపడును. తలిదండ్రులకును ఇది పనికిమాలిన సంగతి కాదు. మీ పిల్లల మార్కులును, చిరునామాలును నేడు కంప్యూటరులోని ఫోల్డర్లయందున్నవి. వానిని ఎవరు చదువవచ్చునో, ఎవరు చదువరాదో నిర్ణయించునది ఈ గ్రూపు సభ్యత్వమే.

లినక్సును 1991లో ఫిన్లండు దేశమునందు లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించెను. అది వెల లేక లభించును. పాత యంత్రములమీదను నడచును. కాబట్టి పాఠశాలలకు అనుకూలము. సి-డాక్ వారి బాస్ లినక్సును, హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో సిద్ధపఱచినదియు ఈ కుటుంబములోనివే. ఒక్క యంత్రమే యున్నపుడు ఆ యంత్రమునకు దాని రిజిస్టరులు చాలును. ‘ఈటీసీ’ అను సంచిలో ‘పాస్‌వర్డ్’ అను ఫైలునందు మనుష్యుల పేరులును, ‘గ్రూప్’ అను ఫైలునందు గ్రూపుల పేరులును ఉండును. యంత్రములు ముప్పదియైనపుడు ముప్పది రిజిస్టరులు దిద్దుచు కూర్చుండుట ఎవరివలనను కాదు. అందుచేత పేరులన్నియు ఒక్కచోట వ్రాసియుంచి, తక్కిన యంత్రములన్నియు దానినే అడుగునట్లు చేయుదురు. ఆ యొక్కచోటనే డైరెక్టరీ యందురు. దానిని అడుగు భాషయైన ఎల్‌డాప్ 1993లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున పుట్టినది. మైక్రోసాఫ్టువారు 2000 సంవత్సరమున యాక్టివ్ డైరెక్టరీని వెలువఱచిరి. 2012 డిసెంబరున వచ్చిన సాంబా నాలుగవ కూర్పుతో అదే సేవను లినక్సు యంత్రముమీదనే వెల లేక నడుపుకొనుటకు వీలైనది. లినక్సు యంత్రమునకును డైరెక్టరీకిని నడుమ నిలిచి ప్రశ్నలను మోయు పనివానికి ఎస్ఎస్ఎస్‌డి అని పేరు. ఈ పనివాని పేరు మఱవకుడు. ముందు చాలమాఱులు వచ్చును.

ఇక చిక్కు. జూన్ మాసమున ఒక బాలిక తొమ్మిదవ తరగతినుండి పదవ తరగతికి వచ్చినదనుకొనుడు. ఆమె లాగిన్ పేరు ‘విద్య07’. ఉపాధ్యాయుడు డైరెక్టరీయందు ఆమెను ‘పదవ’ అను గ్రూపులో చేర్చెను. ఆమె పాస్‌వర్డు నిచ్చినది, యంత్రము లోనికి రానిచ్చినది. పదవ తరగతి ఫోల్డరును తెఱవబోగా మాత్రము ‘పర్మిషన్ డినైడ్’, అనగా అనుమతి లేదు, అని వచ్చినది. ప్రక్క యంత్రముమీద కూర్చుండిన బాలునకు అదే ఫోల్డరు తెఱచుకొన్నది.

ఈ సమయమున తొందరపడినవాడు చేయు పని యొకటి కలదు. ‘సీహెచ్‌మోడ్ 777’ అని కొట్టి ఆ ఫోల్డరును లోకమునకెల్ల తెఱచివేయును. తాళము తిరుగలేదని తలుపునే ఊడబెఱికి వీధిలో పాఱవేయుట యిట్టిదే. బాలిక పని జరుగును, గంట మ్రోగును, అందఱును మఱతురు. పరీక్షల కాలమున ఆ ఫోల్డరులోనే ఒకరు మార్కుల పట్టిక నుంచుదురు. అప్పుడు ఆఱవ తరగతి పిల్లవాడును దానిని చదువగలడు, దిద్దగలడు. ఆ బాలికకు యజమాని యధికారము, అనగా సుడో, ఇచ్చివేయుట ఇంకను చెడ్డది. ఈ రెండును మరమ్మతులు కావు.

సభ్యత్వము ఒక్కటేయైనను నాలుగు తావులయందు వ్రాయబడియుండునని తెలిసికొనుడు. డైరెక్టరీలో నొకటి, యంత్రము తనవద్ద దాచుకొన్న నిలువ పట్టికలో నొకటి, బాలిక లోనికి వచ్చునపుడు ఆమె చేతికిచ్చిన చీటిలో నొకటి, ఫోల్డరు తలుపుమీద వ్రాసిన గ్రూపు సంఖ్య యొకటి. ఈ నాలుగింటిలో ఎచ్చట తెగినదో కనుగొనక పూర్వము దేనిమీదను చేయి వేయరాదు. కనుగొనుటకు పట్టు కాలము సాధారణముగ ఐదు నిమిషములకు మించదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఒకే ప్రశ్నను రెండు విధముల అడుగుట. బాలిక తెరమీదనే ‘ఐడి’ అని మాత్రము వ్రాసి ఎంటరు నొక్కినయెడల, ఆ క్షణమున ఆమె చేతిలోనున్న చీటి చదువబడును. ‘ఐడి విద్య07’ అని పేరుతో వ్రాసినయెడల, యంత్రము రిజిస్టరులను తిరుగవేసి ఆ పేరుగలవారికి ఉండదగిన గ్రూపులను చెప్పును. రెండును ఒక్కటే యని చాలమంది తలంతురు, కావు. పేరుతో అడిగినపుడు ‘పదవ’ కనబడి, పేరు లేక అడిగినపుడు కనబడనియెడల, డైరెక్టరీ దోషము లేదు, యంత్రము దోషము లేదు. ఆమె చేతి చీటి పాతది. రెండింటను కనబడనియెడల తెగినచోటు అంతకు పూర్వమే యున్నది. రెండింటను కనబడినయెడల ఫోల్డరు తలుపును పరీక్షింపుడు.

చీటి పాతదగుట యేమి? లినక్సునందు గ్రూపుల జాబితా లాగిన్ సమయమున ఒక్కమాఱే ఇయ్యబడును. ఆ పిమ్మట ఆమె తెఱచు ప్రతి కిటికీయు, నడుపు ప్రతి ప్రోగ్రామును తన తల్లినుండి ఆ జాబితానే వారసత్వముగ పొందును. ఏదియు మఱల రిజిస్టరువద్దకు పోయి అడుగదు. జనగామలో టికెట్టు కొని రైలెక్కినవాడు కాజీపేటను దాటి మహబూబాబాదు చేరులోగా ఛార్జీల పట్టిక మాఱినను, అతని చేతిలోని టికెట్టుమీది అంకె మాఱదు గదా! కాబట్టి గ్రూపులో చేర్చినపుడు బాలిక లోపలనే యుండినయెడల, ఆమె బయటకు పోయి మఱల రావలెను. తెరకు తాళము వేసి తీయుట చాలదు. ఒక్క కిటికీ మూసి తెఱచుటయు చాలదు. కొన్నియెడల లాగౌట్ అయిన పిదపను ఆమె పేరున కొన్ని ప్రోగ్రాములు వెనుక మిగిలి, పాత జాబితానే మోయుచుండును. పాఠశాల గదిలో యంత్రమును ఆపి మఱల వేయుటే తేలిక.

ఈ యేర్పాటు వెనుక నొక చరిత్ర కలదు. తొలినాటి యూనిక్సునందు ఒక మనుష్యుడు ఒక సమయమున ఒక్క గ్రూపులోనే యుండగలిగెడివాడు. వేఱొక గ్రూపు పని పడినపుడు ‘న్యూగ్రూప్’ అను ఆజ్ఞతో మాఱెడివాడు. 1983లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు వెలువఱచిన 4.2 కూర్పులో పెక్కు గ్రూపులయందు ఒక్కమాఱే యుండు సౌకర్యము వచ్చినది. పాత ఆజ్ఞ నేటికిని పని చేయును. బాలిక వ్రాయుచున్న వ్యాసమును వదలి బయటకు పోలేనిచో ‘న్యూగ్రూప్ పదవ’ అనిన, ఆ యొక్క కిటికీకి మాత్రము క్రొత్త చీటి దొరకును.

చేతి చీటి సంగతి యింతటితో ముగిసినది. నిలువ పట్టిక సంగతి యింతకంటె లోతైనది. నా యెఱుకలో పాఠశాలలయందు ఎక్కువ కాలము వ్యర్థమగునది ఇచ్చటనే. ఎస్ఎస్ఎస్‌డి ప్రతి ప్రశ్నకును డైరెక్టరీవద్దకు పరుగెత్తడు. ఒకమాఱు తెచ్చిన ప్రత్యుత్తరమును 5400 సెకండ్లు, అనగా తొంబది నిమిషములు, తనవద్ద దాచుకొనును. మన లెక్కలో నది రెండు పీరియడ్ల కాలము. అయినను బాలిక పాస్‌వర్డునిచ్చి లోనికి వచ్చునపుడు, డైరెక్టరీ అందుబాటులోనున్నచో, ఆమె సభ్యత్వమును క్రొత్తగ తెచ్చుకొనును. అందుబాటులో లేనిచో ఏమి చేయును? తన నిలువ పట్టికలోని పాస్‌వర్డు గుఱుతుతో ఆమెను సరిచూచి, పాత సభ్యత్వముతోనే లోనికి పంపును. వల తెగినపుడును పిల్లల పని ఆగకుండుటకై చేసిన మేలిది. కాని దానిలోనే మోసము దాగియున్నది. పాస్‌వర్డు సరిపడినది, లోనికి వచ్చినది. కావున డైరెక్టరీతో సంబంధము బాగుగనే యున్నదని అందఱును నమ్ముదురు. ఆ నమ్మకముతో డైరెక్టరీయందు ఆ బాలిక పేరును తీసి మఱల చేర్చుచు, తీసి మఱల చేర్చుచు సాయంకాలము చేయుదురు.

వలయు కేబులును చక్కగ నుండగా సంబంధము తెగుట యెట్లు? చాలమాఱులు కారణము గడియారము. పాస్‌వర్డులను సరిచూచు పద్ధతికి కెర్బెరస్ అని పేరు. గ్రీకుల పురాణములలో పాతాళ ద్వారమును కాచు మూడు తలల కుక్క పేరది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఇది తయారైనది. పాత చీటిని దొంగిలించి మఱల చూపువానిని పట్టుటకై ఇది ప్రతి చీటిమీదను వేళను వ్రాయును. యంత్రపు గడియారమునకును సర్వరు గడియారమునకును ఐదు నిమిషములకంటె ఎక్కువ భేదమున్న అంగీకరింపదు. ఇక మన పాత కంప్యూటర్ల లోపల నాణెమువంటి చిన్న బ్యాటరీ యొకటి కలదు. కరెంటు లేనపుడు గడియారమును నడుపునది అదియే. అది చచ్చినపిదప కరెంటు పోయి వచ్చిన ప్రతిమాఱును యంత్రము తాను కొన్ని సంవత్సరముల వెనుకనున్నానని తలచును. కెర్బెరస్ దానిని తిరస్కరించును. ఎస్ఎస్ఎస్‌డి ‘డైరెక్టరీ అందలేదు’ అని నిలువ పట్టికను విప్పును. బాలిక తొమ్మిదవ తరగతిలోనే నిలిచిపోవును! స్వల్ప వెలగల బ్యాటరీ యొక్కటి ఒక పిల్లను పై తరగతికి రాకుండ నాపినదనినచో నవ్వుదురు గాని, సంగతి యదియే.

పరీక్షించుట సులభము. ‘డేట్’ అని వ్రాసి తేదీని చూడుడు. ‘ఎస్ఎస్ఎస్‌సిటిఎల్ డొమైన్-స్టేటస్’ అని వ్రాసి, ప్రక్కన డొమైను పేరునిచ్చినచో, సంబంధమున్నదో లేదో, ఆన్‌లైన్ లేక ఆఫ్‌లైన్ అను మాటతో తెలియును. గడియారము తప్పినయెడల చేతితో దిద్దుట ఆనాటికి మాత్రమే పనికివచ్చును. బ్యాటరీని మార్చి, ‘క్రోని’ అను ప్రోగ్రాముద్వారా డైరెక్టరీ సర్వరునుండియే వేళను తెచ్చుకొనునట్లు ఏర్పఱచుడు. గడియారము సరియైనను సంబంధము లేనిచో యంత్రము ఏ డి.ఎన్.ఎస్. సర్వరును అడుగుచున్నదో చూడుడు. డైరెక్టరీ యెచ్చటనున్నదో తెలుపువాడు ఆ డి.ఎన్.ఎస్. సర్వరే, ఇంటర్నెట్టు పెట్టెవాని డి.ఎన్.ఎస్.కు మన బడి సంగతి తెలియదు.

నిలువ పట్టికను పాతదిగ గుఱుతించుటకు ‘ఎస్ఎస్ఎస్ క్యాష్’ అను ఆజ్ఞ కలదు. దానితోకూడ పెద్ద ‘ఇ’ అక్షరము నిచ్చినచో అన్ని వ్రాతలును పాతవిగ నెంచబడును. అది వ్రాతలను చెఱుపదు; మఱల అడుగుమని మాత్రము చెప్పును. అడుగుటకు డైరెక్టరీ అందనిచో పాత ప్రత్యుత్తరమే మఱల వచ్చును. కాబట్టి ఈ ఆజ్ఞ నిచ్చియు ఫలము లేకపోయిన, అది ఆజ్ఞ దోషము కాదు. సంబంధము తెగియున్నదనుటకు నిదర్శనము. కొందఱు కోపించి నిలువ ఫైళ్లనే తుడిచివేయుదురు. సంబంధము లేని సమయమున ఆ పని చేసినయెడల, నిలువయున్న పాస్‌వర్డు గుఱుతులును పోయి, అప్పటివఱకు లోనికి రాగలిగినవారును బయటనే నిలువవలసివచ్చును.

ఇంకొక విచిత్రమైన రోగము నెల దినములు బాగుగ నడచిన పిదప బయలుపడును. కంప్యూటరు గది నేర్పఱచువారు పనిని తగ్గించుకొనుటకై ఒక్క యంత్రమును సిద్ధముచేసి, డైరెక్టరీలో చేర్చి, ఆ డిస్కు నకలును తక్కిన యంత్రములన్నిటికిని వేయుదురు. మనుష్యులవలెనే ప్రతి యంత్రమునకును డైరెక్టరీయందు ఒక పేరును, ఒక రహస్యపు పాస్‌వర్డును ఉండును. నకలు వేసినచో యంత్రములన్నియు ఒక్క పేరున, ఒక్క పాస్‌వర్డున నడచును. వాడుకప్రకారము ముప్పది దినములకొకమాఱు యంత్రము తన పాస్‌వర్డును మార్చుకొనును. ఏది ముందుగ మార్చుకొన్నదో అది నిలుచును. తక్కినవి పాత పాస్‌వర్డు చూపి తిరస్కరింపబడి, నిలువ పట్టికలమీద నడచుచుండును. ఒక్క యంత్రముమీద మాత్రమే క్రొత్త సభ్యత్వములు కనబడి, తక్కిన యన్నిటిమీదను కనబడకపోవుట దీని గుఱుతు. ‘ఏడీసీఎల్‌ఐ టెస్ట్‌జాయిన్’ అని అడిగిన యంత్రము చేరికయొక్క నిజము తెలియును. ముందు నకలు వేసి, ప్రతి యంత్రమునకును వేఱు పేరు పెట్టి, ఆ తరువాత ఒక్కొక్కదానినే ‘రెల్మ్ జాయిన్’ అను ఆజ్ఞతో చేర్చుటయే సరియైన వరుస.

సంబంధము చక్కగనున్నను గ్రూపు కనబడనియెడల, అడుగు విధమునందును వ్రాత విధమునందును లోపమును వెదకవలెను. ‘ఎన్ఎస్ఎస్విచ్’ అను ఫైలులో ఏ ప్రశ్నకు ఎవరిని అడుగవలెనో పంక్తులుగ వ్రాసియుండును. మనుష్యుల పంక్తిలో ఎస్ఎస్ఎస్‌డి పేరుండి గ్రూపుల పంక్తిలో లేనిచో, మనుష్యులు తెలియుదురు, వారి గ్రూపులు తెలియవు. ఆ పంక్తిలో ముందుగ యంత్రపు సొంత ఫైలు, పిదప డైరెక్టరీ అని వరుస యుండును. పూర్వమెప్పుడో ఎవరో ఆ యంత్రముమీదనే ‘పదవ’ అను సొంత గ్రూపు నొకదానిని సృష్టించి మఱచియుండిన, పేరుతో అడిగిన ప్రతిమాఱును ఆ పాతదే ముందుకు వచ్చును. ‘గెట్‌ఎంట్ గ్రూప్ పదవ’ అని వ్రాసి వచ్చు సంఖ్యను చూడుడు. వెయ్యి దరిదాపుల చిన్న సంఖ్యయైనయెడల అది సొంత గ్రూపని అనుమానింపవలెను. ఇంకొకటి: రెల్మ్ ఆజ్ఞతో చేర్చిన యంత్రములు మొదట పేరులను డొమైను పేరుతో కలిపి పూర్తిగ వ్రాసిననే గుఱుతించును. ‘విద్య07’ అనిన ఎవరో తెలియదనును. ‘విద్య07’ ప్రక్కన ‘ఎట్’ గుఱుతు పెట్టి డొమైను పేరు కలిపిన తెలియుననును. అమరికను మార్చుకొనవచ్చును గాని, అన్ని యంత్రములమీదను ఒక్కరీతిగ మార్చవలెను.

యాక్టివ్ డైరెక్టరీ కాక వేఱు ఎల్‌డాప్ సర్వరును వాడువారికి ఒక మాట. గ్రూపులో సభ్యులను వ్రాయుటకు రెండు రీతులున్నవి. 1998లో వెలువడిన 2307 సంఖ్యగల నియమపత్రముప్రకారము లాగిన్ పేరును మాత్రమే వ్రాయుదురు. తరువాతి రీతిలో ఆ మనుష్యుని పూర్తి విలాసమును వ్రాయుదురు. హాజరుపట్టికలో ఒక ఉపాధ్యాయుడు రోలు నంబరు మాత్రము వ్రాయగా, మఱియొకరు ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు అన్నియు వ్రాసినట్లు. ఎస్ఎస్ఎస్‌డికి ఒక రీతిని చెప్పి, సర్వరులో వేఱొక రీతిగ వ్రాసిన, గ్రూపు కనబడును గాని లోపల ఒక్క సభ్యుడును కనబడడు. ఖాళీ గ్రూపు కనబడినచో ముందుగ దీనిని తలంపుడు.

సంఖ్యలను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. కొత్త జిల్లాలకు బండ్ల నంబర్లలో భూపాలపల్లికి 25, మహబూబాబాదుకు 26, జనగామకు 27 ఏర్పడినవి. ముందరి అక్షరములు 2024లో టి.ఎస్. నుండి టి.జి.గ మాఱినను ఆ అంకెలు మాఱలేదు. ఫోల్డరు తలుపుమీదను ఇట్లే అంకె మాత్రమే యుండును, పేరుండదు. మనము చదువు పేరు, ఆ అంకెను రిజిస్టరులో వెదకి మనకొఱకు చూపినది. రిజిస్టరులో దొరకనిచో ‘ఈ సంఖ్యగల గ్రూపునకు పేరు దొరకలేదు’ అను భావముగల ఇంగ్లీషు వాక్యము తెరమీద వచ్చును. యాక్టివ్ డైరెక్టరీలో చేరిన యంత్రమునందు ఎస్ఎస్ఎస్‌డి ఈ అంకెలను తానే లెక్కకట్టును. అవి రెండు లక్షలకు పైబడియుండును. లేక డైరెక్టరీలోనే వ్రాసియుంచిన అంకెలను తీసికొనుమని మనము చెప్పవచ్చును. అట్లు చెప్పినయెడల, అంకె వ్రాయబడని గ్రూపు అసలు లేనట్లే యెంచబడును. కొన్ని యంత్రములకు ఒకటి, కొన్నిటికి వేఱొకటి చెప్పినయెడల ఒకే ‘పదవ’ గ్రూపునకు రెండు అంకెలేర్పడును. ఉమ్మడి ఫోల్డరు తలుపుమీద ఒక్క అంకెయే యుండును గదా. ఒక వరుస యంత్రములమీద తెఱచుకొని వేఱొక వరుసమీద తెఱచుకొనదు. మొదట చెప్పిన బాలునకు తెఱచుకొని బాలికకు తెఱచుకొనకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

గ్రూపులో గ్రూపు నుంచుట మఱియొక సంగతి. గ్రామము మండలములోను, మండలము జిల్లాలోను ఉన్నట్లు, ‘పదవ-ఏ’ అను గ్రూపును ‘పదవ’లోను, దానిని ‘విద్యార్థులు’ అను దానిలోను చేర్చవచ్చును. యాక్టివ్ డైరెక్టరీ ఒక మనుష్యుని గ్రూపులన్నిటిని, లోతు ఎంతయైనను, ఒక్క జాబితాగ ఇచ్చును. వేఱు ఎల్‌డాప్ సర్వరులతో ఎస్ఎస్ఎస్‌డి మొదటి అమరికలో రెండంతస్తులు మాత్రమే దిగును. అంతకు లోపలివారు తెలియరు. గ్రూపును అడిగి సభ్యుల జాబితా చూచుట నమ్మదగినది కాదు. అది అసంపూర్తిగ నుండవచ్చును. మనుష్యుని అడిగి గ్రూపులు చూచుట, అనగా ‘ఐడి’, అదియే ప్రమాణము. మెయిలు పంపుటకు మాత్రమే చేసిన డిస్ట్రిబ్యూషన్ గ్రూపులకు తలుపులు తెఱచు అధికారము లేదనియు గుఱుతుంచుకొనుడు.

ఇట్లు గ్రూపులను పెంచుకొనుచు పోయిన వేఱొక గోడ తగులును. లినక్సులో ఒకనికి 65,536 గ్రూపుల వఱకు ఉండవచ్చును. అయితే ఉమ్మడి ఫోల్డర్లను పంచు ఎన్.ఎఫ్.ఎస్. అను పాత పద్ధతి సాధారణ రీతిలో పదునాఱు గ్రూపులను మాత్రమే మోయును. పదునేడవది నిశ్శబ్దముగ జాఱిపోవును. ఏ హెచ్చరికయు రాదు. తరగతి, విభాగము, భాష, స్కౌట్లు, గాయకబృందము, గ్రంథాలయము, ఆటలు అని తలకొక గ్రూపు పెట్టు ఉత్సాహవంతులు దీనిని తెలిసికొనవలెను. ‘ఐడి’ అన్నిటిని చూపుచుండగా ఉమ్మడి ఫోల్డరు మాత్రము కాదనిన, గ్రూపులను లెక్కింపుడు. సర్వరే సభ్యత్వమును తాను వెదకికొనునట్లు చేయుటకు దాని ‘మౌంట్‌డి’కి ‘మేనేజ్-జిడ్స్’ అను అమరిక కలదు.

ఆర్డుయీనో పలకలతో పనిచేయు పిల్లలు వేఱొకటి యడుగుదురు. ఉబుంటు, డెబియన్ లినక్సులలో ఆ పలకతో మాటాడుటకు యంత్రపు సొంత గ్రూపైన ‘డయలవుట్’ సభ్యత్వము కావలెను. డైరెక్టరీనుండి వచ్చు పిల్లలను ఒక్కొక్కరినే ఆ సొంత గ్రూపులో వ్రాయుట వలదు. ‘పామ్ గ్రూప్’ అను అమరికతో లోనికి వచ్చిన వేళనే ఆ సభ్యత్వమును చీటిలో కలుపవచ్చును. యంత్రపు సొంత మనుష్యులకై ‘యూజర్‌మాడ్’ ఆజ్ఞ వాడునపుడు పెద్ద ‘జి’ అక్షరముతోపాటు చిన్న ‘ఏ’ అక్షరమును తప్పక వ్రాయుడు. ‘ఏ’ లేనియెడల చేర్చుటకు బదులు, తక్కిన గ్రూపులన్నిటినుండియు తీసివేసి ఆ యొక్కదానిలోనే ఉంచును. సుడో గ్రూపునుండి తన్ను తానే తీసివేసికొనువారు ఈ దారినే పోవుదురు.

తలుపు సంగతి క్లుప్తముగ: చేతి చీటి సరియైనను, ఆ ఫోల్డరునకు పైనున్న ఫోల్డర్లలో దేనిలోనైన ప్రవేశాధికారము లేనిచో లోనికి పోజాలము. ‘నేమ్‌ఐ’ ఆజ్ఞకు చిన్న ‘ఎల్’ అక్షరమును, ఫోల్డరు దారిని కలిపి ఇచ్చిన మెట్టుమెట్టుకును అధికారము తెరమీద కనబడును.

ఇంతవఱకు తలుపు తెఱచుకొనని సంగతియే చెప్పితిని. తెఱచుకొనరానిచోట తెఱచుకొనుట దీనికంటె భయంకరమైనది, ఏలయనగా దానిని గూర్చి ఎవరును ఫిర్యాదు చేయరు. అనుమతి లేక ఆగిన పిల్ల వెంటనే ఉపాధ్యాయునివద్దకు వచ్చును. మార్కుల గ్రూపునుండి తీసివేయబడియు ఇంకను లోనికి పోగలుగువాడు మాటాడకుండును. పైన చెప్పిన కారణములన్నియు తిరుగవేసిన ఇచ్చటను వర్తించును. లోపలనున్నవానిని గ్రూపునుండి తీసినను అతని చేతి చీటి, అతడు బయటకు పోవువఱకు, చెల్లుచునే యుండును. సంబంధము తెగిన యంత్రమునందు పాత సభ్యత్వము చెల్లుచునే యుండును. అందుచేత విద్యాసంవత్సరము మాఱిన జూన్ మొదటి వారమున, చేర్చిన పేరులను మాత్రమే కాక తీసివేసిన పేరులను గూడ ఒక్కొక్క యంత్రముమీద ‘ఐడి’తో అడిగి చూడవలెను. పిల్లలు ఈ పనిని రెండు పీరియడ్లలో ముగింపగలరు.

పాఠశాల ల్యాప్‌టాపులను ఇంటికి తీసికొనిపోవు చోట ఇంకొక జాగ్రత్త కావలెను. నిలువ పాస్‌వర్డులతో లోనికి రానిచ్చు గడువును ఎస్ఎస్ఎస్‌డి మొదటి అమరికలో సున్న యనియుంచును. సున్న యనగా గడువే లేదని యర్థము. బదిలీయై పోయినవారి చేతిలో మిగిలిన యంత్రము, వలను తాకనంతకాలము, వారిని పూర్వపు సభ్యత్వముతోనే రానిచ్చుచుండును. ఆ గడువును దినములలో వ్రాయవచ్చును. ‘ఆఫ్‌లైన్ క్రెడెన్షియల్స్ ఎక్స్‌పిరేషన్’ అనునది దాని పేరు. వారము దినములు, అనగా 7 అని వ్రాసినచో, దసరా సెలవుల పిదప కొందఱు తమ ల్యాప్‌టాపు తెఱచుకొనుటలేదని వత్తురు. ఒకమాఱు పాఠశాల వలకు తగిలించి లోనికి వచ్చిన వారికి మఱల తెఱచుకొనును.